గంగాళంలో పుట్టాల్సిన పైలట్

యుద్ధం ముగిసిన రెండో వేసవిలో ధర్మవరంలోని నా ఫోటో స్టూడియోకి ఒక పోస్టుకార్డు వచ్చింది. "నారాయణప్పా, వచ్చే వారం నా పెళ్ళి, రేపల్లెలో. కెమెరా తెచ్చుకో. ముందు తెనాలి వెళ్ళి మా అమ్మని చూడు. తర్వాత బాపట్లలో నన్ను కలుసుకో." కింద శేషగిరి అని సంతకం.

చదివి కుర్చీలో కూలబడ్డాను. శేషగిరి సార్‌కి పెళ్ళయి పదేళ్ళు దాటింది. ఆమె పేరు వరలక్ష్మి. ఆమె ఫోటోని చొక్కా జేబులో పట్టేంత చిన్నగా చేసిమ్మని అడిగితే చేసిచ్చింది నేనే. ఆ ఫోటో జేబులో లేకుండా ఆయన విమానం ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన సంగతి కాస్త చెప్పాలి. నేను చాలా ఏళ్ళు వైమానిక దళంలో ఫోటో సెక్షన్లో పనిచేశాను. ఆయన నిఘా విమానం పైలట్. నిఘా విమానానికి తుపాకులుండవు, బాంబులుండవు. పొట్టలో కెమెరాలుంటాయి, అంతే. బాంబులు వేసేవాళ్ళకంటే ముందు వెళ్ళి ఏ వంతెన ఎక్కడుందో ఫోటో తీసుకురావాలి. వాళ్ళు వేసి వచ్చాక మళ్ళీ వెళ్ళి, ఆ వంతెన కూలిందో లేదో తీసుకురావాలి. రెండోసారికి కిందివాళ్ళు మంచి కోపంమీద ఉంటారు. వాళ్ళెంత కాల్చినా విమానాన్ని అటూ ఇటూ తిప్పకూడదు, తిప్పితే ఫోటో చెదిరిపోతుంది. తిరిగొచ్చాక విమానంలోంచి ముందు ఫిల్ము దిగుతుంది, ఆ తర్వాతే పైలట్ దిగుతాడు. ఆ ఫిల్ము పట్టుకుని చీకటిగదిలోకి పరిగెత్తేవాణ్ణి నేను. అరవైఐదు యుద్ధంలోనూ, మొన్నటి యుద్ధంలోనూ ఆయన చూసొచ్చినదాన్ని ఆయన తర్వాత మొదట చూసినవాణ్ణి నేనే. మధ్యలో ఒకసారి పెద్ద తుఫాను వస్తే, ఆయన తన సొంత జిల్లామీదే ఎగిరి మునిగిపోయిన ఊళ్ళ ఫోటోలు తీసుకొచ్చాడు. ఆ రోజు ఫిల్ము ఇస్తూ, "జాగ్రత్తగా కడుగు, అందులో మా అత్తగారి ఊరుంది" అన్నాడు.

మొన్నటి యుద్ధంలో ఒకరోజు ఫిల్ము రాలేదు. ఆయన విమానం మండుతూ పడిపోవడం తోటి పైలట్ చూశాడు. పోయాడనే అనుకున్నాం. నేను చీకటిగదిలో లైటు ఆర్పుకుని ఏడ్చాను. తర్వాత శత్రుదేశంలో బందీగా ఉన్నాడని తెలిసింది. ఏడాది తిరిగాక వదిలిపెట్టారు. అప్పటికే నేను ఉద్యోగం మానేసి ఊరు చేరాను.

అలాంటి మనిషి, తనకోసం కాచుకున్న భార్యని పక్కన పెట్టి ఇంకో పెళ్ళి చేసుకుంటాడా? నా భార్య కార్డు చూసి మొహం చిట్లించింది. "పోయి నాలుగు తిట్టి రా. ఫోటోలు మాత్రం తియ్యద్దు" అంది. తిట్టడానికే బయల్దేరాను. అయినా కెమెరా తీసుకునే వెళ్ళాను.

తెనాలి

మా సీమవాళ్ళకి కృష్ణా డెల్టా అంటే నీళ్ళు. మేం బిందెలు వరసలో పెట్టి కొళాయి దగ్గర తన్నుకుంటుంటే, అక్కడివాళ్ళు కాలువల్లో ఈతలు కొడుతుంటారని మా ఊహ. తెనాలి స్టేషన్ బయట రిక్షా ఎక్కి, కాలువ వంతెన రాగానే ఆపించుకుని ఆశగా కిందికి చూశాను. కాలువ అడుగున మేకలు మేస్తున్నాయి. నాకు మతిపోయింది.

రిక్షా అతను నా మొహం చూసి నవ్వాడు. "ఏసంకాలం కదండీ, కాలవలు కట్టేస్తారండి. మళ్ళీ వానలకి వదుల్తారు. తవఁరిదే ఊరండీ?"

ధర్మవరం అని చెప్పాను. "చీరలూరు కదండీ" అని మెచ్చుకోలుగా తలాడించాడు. పెళ్ళికొచ్చానని చెప్పి ఇంటి గుర్తులు చెప్పగానే అతని నవ్వు మారిపోయింది. "పైలట్ గారి పెళ్ళికాండీ?" అని, తల తిప్పేసుకుని తొక్కడం మొదలుపెట్టాడు. దారిలో టిఫిన్ చేసిన హోటల్లోనూ అంతే. అక్కడ ఇడ్లీ ధర మా ఊరికంటే ఎక్కువే గానీ, అల్లప్పచ్చడి మాత్రం అడక్కుండానే మళ్ళీ మళ్ళీ వేస్తారు. అలా వేస్తున్న సర్వరు పెళ్ళి మాట వినగానే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఊరు ఊరంతా మా సార్‌ని ఉమ్మేస్తోందని నాకు ఖాయమైపోయింది.

సార్‌వాళ్ళమ్మ కామేశ్వరమ్మగారు బక్కపల్చటి మనిషి, డెబ్భై ఏళ్ళుంటాయి. గుమ్మంలో నన్ను చూడగానే ముందు చెంబుడు నీళ్ళు తెచ్చిచ్చింది. నేనెవరో చెప్పాక, "మావాడి బొమ్మలు కడిగేవాడివి నువ్వేనా నాయనా" అంది. మా వైపు కూడా అంతే, ఎండనపడి వచ్చినవాణ్ణి ముందు నీళ్ళిచ్చాకే ఊరూ పేరూ అడుగుతాం. నీళ్ళు తాగుతూ చూస్తే, వసారాలో తళతళా తోమిన ఇత్తడి గంగాళం ఉంది. అందులో మనిషి కూర్చోవచ్చు.

తిట్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "అమ్మా, పాయసానికా ఇంత గంగాళం?" అన్నాను.

"పాయసానిక్కాదు నాయనా" అంది ఆమె, ఎంతో మామూలుగా. "మావాడు పుట్టడానికి."

గుక్కలో ఉన్న నీళ్ళు పొలమారాయి. ఆమె నా నెత్తిమీద తట్టి, కూర్చోబెట్టి, మెల్లిగా చెప్పుకొచ్చింది. విమానం మండుతూ పడిందన్న కబురొచ్చింది. శవం లేదు. దర్భలతో మనిషి బొమ్మ చేయించి, చిన్నకొడుకు చేత దానికి నిప్పు పెట్టించింది. పది రోజులూ కర్మ జరిపించింది. తర్వాత రెండు నెలలకి, మీవాడు బతికే ఉన్నాడని సర్కారు నుంచి కబురొచ్చింది.

"కర్మ చేసేసిన మనిషి ఊరికే ఇంట్లోకి రాకూడదు నాయనా. నెయ్యి రాసిన గంగాళంలో కూర్చోబెట్టి, మళ్ళీ పుట్టినట్టు స్నానం చేయించాలి. పేరు పెట్టాలి, ఒడుగు చెయ్యాలి. అప్పుడు వాడి పెళ్ళాన్నే వాడికిచ్చి మళ్ళీ పెళ్ళి చెయ్యాలి. పెద్దలు చెప్పారు. పెళ్ళినాడు ఈ గంగాళం రేపల్లె పట్టుకెళ్ళి, అన్నీ అక్కడే ఒకేరోజు జరిపిస్తాను."

అంటే పెళ్ళికూతురు వరలక్ష్మిగారే! దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. కానీ నిమ్మళించడానికి నాకు వీల్లేకపోయింది. రెండు యుద్ధాలు చూసొచ్చిన పైలట్‌ని గంగాళంలో కూర్చోబెట్టి పుట్టించడమేమిటి?

"ఎందుకమ్మా అంత తొందరపడ్డారు?" అని నోరు జారాను.

ఆమెకి కోపం రాలేదు. "ఆగమనే చెప్పారు నాయనా. కనబడకుండా పోయినవాడికి పన్నెండేళ్ళు ఆగాలని శాస్త్రిగారన్నారు. నేనే ఆగలేకపోయాను. వాడికి చిన్నప్పట్నుంచీ దాహం ఎక్కువ. పక్కలో చెంబు పెట్టుకుని పడుకునేవాడు. ఎక్కడో పరాయి ఆకాశంలో నాలిక పిడచగట్టుకుని తిరుగుతున్నాడేమో, నీళ్ళిచ్చే దిక్కు లేదేమో అనిపించేది. వాడి పేరు చెప్పి నీళ్ళొదిలితే గానీ నాకు ముద్ద దిగలేదు."

"ఇప్పుడాయన వచ్చేశారు కదమ్మా."

"వచ్చాడు. ఆ అరుగుమీద కూర్చుని వెళ్ళిపోతాడు. ఇప్పటిదాకా వాడికి చుక్క నీళ్ళివ్వలేదు. ఈ చేత్తో చచ్చినవాడికి నీళ్ళొదిలాను. వాడు మళ్ళీ పుట్టకుండా ఇదే చేత్తో ఇస్తే, ఈసారి నిజంగానే పడిపోతాడు నాయనా."

నేనెవరో కూడా తెలియకముందే నాకు నీళ్ళిచ్చిన చెయ్యి అది.

ఎదురు కొట్టు

ఆ ఇంటికి సరిగ్గా ఎదురుగా రేడియోలు, గడియారాలు బాగుచేసే చిన్న కొట్టుంది. రైల్లో నా ఫ్లాష్ దీపం పాడైంది కాబట్టి అక్కడికి వెళ్ళాను. కొట్టాయన పేరు మస్తాన్. నెరిసిన గడ్డం, నెమ్మదైన మాట. ఫ్లాష్ విప్పి, తీగ ఒకటి అతికించి, పెళ్ళి ఫోటోల కోసమని చెప్పగానే పైసా పుచ్చుకోనన్నాడు.

"మీరూ వస్తున్నారు కదా రేపల్లెకి?" అన్నాను.

"నన్ను పిలవలేదండి" అన్నాడు మస్తాన్ తలెత్తకుండా. "పిలవరండి."

ఎందుకని అడిగాను. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చెప్పాడు.

"నాకు గజళ్ళంటే పిచ్చండి. ఉర్దూ పాటలు బాగా వేస్తారని సరిహద్దు అవతలి స్టేషను పెట్టుకునేవాణ్ణి, సన్నగా. యుద్ధంలో వాళ్ళు పాటల మధ్యలో, పట్టుకున్న మనవాళ్ళ పేర్లు చదివేవారండి. ఒకపూట ఈ బాబుగారి పేరు చదివారు. పేరూ హోదా రెండూ చెప్పారండి. ఆ పూట ఎదురింట్లో పదోరోజు."

పదోరోజంటే ఏమిటో నాకు తెలుసు. భార్య గాజులూ బొట్టూ తీసేసే రోజు.

"యుద్ధకాలంలో నేను, అందులోనూ నేను, శత్రువుల రేడియో విన్నానని చెప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించుకోండి. నోరు మూసుకుంటే నాకేం పోదండి. కానీ ఎదురింట్లో ఆడకూతురి గాజులు పగలగొట్టబోతున్నారు. వెళ్ళి తలుపు కొట్టాను. అమ్మగారే తీశారు. 'అమ్మా, మీ అబ్బాయి బతికే ఉన్నాడండి, రేడియోలో పేరు చెప్పారు' అన్నాను. నా మొహంకేసి కాసేపు చూసి తలుపేసేశారండి."

ఆ తర్వాత ఊళ్ళో అతన్ని వేరుగా చూడడం మొదలుపెట్టారట. ఆ రేడియో ఎందుకు విన్నావని ఎవరెవరో వచ్చి అడిగారట. బాగుచేయించుకోవడానికిచ్చిన రేడియోలు కూడా కొందరు తిరిగి పట్టుకుపోయారట. సర్కారు నుంచి కబురొచ్చి, అతను చెప్పింది నిజమేనని తేలాక కూడా ఎవరూ దాని ఊసెత్తలేదు.

"తప్పనీ అన్లేదు, ఒప్పనీ అన్లేదండి. నేనూ ఆ గుమ్మం మళ్ళీ ఎక్కలేదు" అన్నాడు మస్తాన్. కొట్టుకీ ఆ గుమ్మానికీ మధ్య ఒక ఎద్దుబండి పట్టేంత చోటుంది. అంత దగ్గర్లో ఉండి ఇన్నాళ్ళూ మాట్లాడుకోకుండా ఎలా ఉన్నారో నాకు అర్థం కాలేదు. గజళ్ళు ఇంకా వింటున్నారా అని అడిగితే, మానేశానన్నాడు.

బాపట్ల, సూర్యలంక

బాపట్ల బస్సులో నా పక్కన చేపల గంప ఒకటి ఎక్కింది. దాని నీళ్ళన్నీ నా కెమెరా సంచీమీదే కారాయి. గంప తాలూకు మనిషి నన్ను ఓదార్చింది. "ఏం కాదులే తమ్ముడూ, సముద్రం నీళ్ళు మంచియ్యే" అంది. ఆ వాసన ధర్మవరం చేరేదాకా నన్ను వదల్లేదు.

మళ్ళీ పెళ్ళయ్యేదాకా అమ్మా ఇంట్లోకి రానివ్వదు, అత్తవారింట్లోనూ ఉండకూడదట. అందుకని శేషగిరి సార్ ఒక కాఫీ హోటల్ పైన గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. తలుపు తీసిన మనిషిని చూసి నేను ఒక్కడుగు వెనక్కి వేశాను. సగం మనిషయ్యాడు. జుట్టు తెల్లబడింది, ఎడమచెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం నవ్వాడు.

"కార్డులో పెళ్ళికూతురి పేరు కావాలనే రాయలేదురా. నువ్వు తిట్టడానికైనా వస్తావని తెలుసు."

సాయంత్రం సూర్యలంక వెళ్ళాం. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు చీరలు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని అలల్లో కేకలు పెడుతున్నారు. సముద్రాన్ని అంత దగ్గరగా చూడ్డం నాకదే మొదలు. ఆయన ఫోటోల్లో పైనుంచి చూసిన సముద్రం కదలదు. ఇది కాళ్ళకింది ఇసకని లాక్కుపోతుంటే భయమేసి సార్ చెయ్యి పట్టుకున్నాను.

తాటిముంజెలు తింటూ, పడిపోయిన రోజు గురించి అడిగాను. ఆయన ఎప్పట్లాగే చెప్పాడు. నిఘా పైలట్లు తిరిగొచ్చాక ఏం చూశారో చెప్పాలి, ఏమనుకున్నారో చెప్పకూడదు. ఆయనకది ఒంటికి పట్టేసింది.

"వంతెన సగం కూలింది. ఫోటోలకి రెండో వరస ఎగురుతుండగా రెక్కకి గుండు తగిలింది. దూకాను. గొడుగు విచ్చుకుంది. చెరుకుతోటలో పడ్డాను, చెయ్యి విరిగింది. ఒక ముసలి రైతు వచ్చాడు. నీళ్ళడిగాను. కుండలోంచి ముంచి పోశాడు. నేను తాగడం అయ్యాకే వాళ్ళ సిపాయిల్ని పిలిచాడు."

నా నోట్లో ముంజె అలాగే ఉండిపోయింది. ఇక్కడ తల్లి కొడుకు దాహంతో ఉన్నాడని నీళ్ళొదిలింది. అక్కడ ఆ కొడుకు మొట్టమొదటి రోజే కడుపునిండా నీళ్ళు తాగాడు!

"ఇది అమ్మకి చెప్పారా సార్?"

"ఎందుకు? శత్రువుల తూటాలు, శత్రువుల కుండ... ఆవిడ మళ్ళీ భయపడుతుంది." ముంజె తొక్క ఇసకలోకి విసిరి అన్నాడు. "నాకా తంతులమీద నమ్మకం లేదు నారాయణప్పా. కానీ అమ్మ చేత్తో గ్లాసుడు నీళ్ళు తాగాలని ఉంది. గంగాళంలో కూర్చోమంటే కూర్చుంటాను. పుట్టమంటే పుడతాను."

ఈ మాటలు వింటున్న ముంజెలమ్మే ఆమె కత్తి పక్కన పెట్టేసింది. ఆమెది పక్కనే ఉన్న చేపలవాళ్ళ పల్లె. "పుట్టడమేంటి బాబూ? మా ఆయన మూడుసార్లు గాలివానకి పోయాడు, మూడుసార్లూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా బూతులు తిట్టి అన్నం పెట్టాను. మళ్ళీ పెళ్ళంటే ఆణ్ణి నేను చేసుకుంటానా ఏంటి!" అంది. సార్ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పెళ్ళికి వరలక్ష్మిగారు ఏమన్నారని ఎవరూ నాతో చెప్పలేదన్న సంగతి అప్పుడే తట్టింది.

రేపల్లె

పెళ్ళికి ముందురోజు పొద్దున రేపల్లె చేరాం. అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి. వరలక్ష్మిగారి నాన్నగారు తాటాకు పందిరి వేయించి, అరటిచెట్లు కట్టించారు. ఆ ఇంట ఉప్మాతో కలిపి పెట్టిన పెసరట్టులాంటిది నా జన్మలో తినలేదు. మా వైపు పెళ్ళిళ్ళలో పొద్దున్నే ఇంత మెత్తటి మర్యాదలుండవు. ఇక్కడ "తినండి, తినండి, ఏం తిన్నారండీ" అని విస్తరిమీద పడి బతిమాలతారు.

పెళ్ళికూతురికి పసుపు రాయడానికి ముత్తైదువలు వచ్చి కూర్చున్నారు. ఆమె గదిలోంచి రాలేదు. నాన్నగారు రెండుసార్లు వెళ్ళి పిలిచారు. మూడోసారి తలుపు తీసుకుని ఆమే వచ్చింది. ముతక నేతచీర, చేతినిండా గాజులు, మెడలో పాత మంగళసూత్రం. సార్ జేబులో ఫోటో కంటే చాలా అలిసిపోయి ఉంది.

"నాన్నగారూ, ఆవిడల్ని భోంచేసి వెళ్ళమనండి. ఈ పెళ్ళి నేను చేసుకోను" అంది.

నాన్నగారు తల పట్టుకున్నారు. "రేపు ముహూర్తం పెట్టుకుని ఇప్పుడిదేంటమ్మా! నీ మొగుడే కదమ్మా!"

"మొగుడే కాబట్టి చేసుకోను" అంది ఆమె. నావైపు తిరిగింది. "ఫోటోలు కడిగే అన్నయ్యగారు మీరేనా? మీ ఉద్యోగంలో చూడంది చెప్పకూడదటగా. నేను నా భర్త చావడం చూళ్ళేదండి. చచ్చాడని వీళ్ళనుకున్నారు."

తర్వాత ఆ పదోరోజు గురించి చెప్పింది. పెరట్లో తడిబట్టలతో పీటమీద కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. ఒకావిడ చెయ్యి పట్టుకుంది. అంతలో వీధిగుమ్మంలోంచి మస్తాన్ గొంతు వినబడింది, మీ అబ్బాయి బతికే ఉన్నాడండి అని. వరలక్ష్మిగారు చెయ్యి విదిలించుకుని లేచి నిలబడింది. తలుపు మూసి వచ్చిన అత్తగారు, "ఊరికే ఆశ పెడుతున్నాడు, కూర్చో" అంది. ఆమె కూర్చోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. నలుగురు లాగినా రాలేదు. మతి పోయిందన్నారు. మర్నాడు నాన్నగారొచ్చి రేపల్లె తీసుకొచ్చారు.

"రెండు నెలలు నేను బొట్టు పెట్టుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవారు. ఎవరూ పేరంటానికి పిలవలేదు. సర్కారు కబురొచ్చేదాకా ఈయన బతికున్నాడని నమ్మింది మేమిద్దరమేనండి, నేనూ ఆ మస్తాన్ గారూ. ఇప్పుడు నేను పీటలమీద కూర్చుంటే, ఆ రెండు నెలలూ విధవ బొట్టు పెట్టుకు తిరిగిందని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఆయన కావాలంటే మళ్ళీ పుట్టచ్చు. నేను మాత్రం ఎప్పుడూ విధవని కాలేదు."

శేషగిరి సార్ పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన అంతగా తెల్లబోవడం నేనెప్పుడూ చూడలేదు. వంతెనలూ రైళ్ళూ అంతెత్తునుంచి ఫోటోల్లో పట్టుకున్న మనిషికి తన ఇంట్లో ఏం జరిగిందో తెలియలేదు. "ఇదేదీ నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"మీరు అడగలేదు" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "తీరా వచ్చాక గంగాళం ఎంత లోతని అడిగారు."

"మరేం చెయ్యమంటావు లక్ష్మీ? అమ్మ నన్ను లోపలికి రానివ్వదు."

"మళ్ళీ చెయ్యాల్సింది పెళ్ళి కాదు. ఆ పదోరోజు. మస్తాన్ గారు మళ్ళీ వచ్చి గుమ్మంలో ఆ మాటే చెప్పాలి. ఈసారి అత్తయ్యగారు నమ్మాలి. నమ్మితే నేను ఆ ఇంటికొస్తాను. నమ్మకపోతే మీకు వేరే పెళ్ళికూతుర్ని చూసుకోమనండి."

ఆ మధ్యాహ్నం పందిట్లో ముత్తైదువలు పెళ్ళి లేని పెళ్ళిభోజనం చేశారు. నేనూ చేశాను. ఆ ముసలావిడ ఒప్పుకోదని నాకు గట్టిగా అనిపించింది.

మళ్ళీ తెనాలి

మర్నాడు పొద్దున ముగ్గురం తెనాలి రైలెక్కాం.

గంగాళంతో రేపల్లె బయల్దేరబోతున్న కామేశ్వరమ్మగారు కోడల్ని చూసి ముందు సంతోషపడింది. విషయం విన్నాక గంగాళం పక్కన కూలబడింది. "మీకు ఆటగా ఉంది. వాడు నాకు మళ్ళీ పోతే? అప్పుడేం చేస్తారు?" అని చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ అరుగుమీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఎదురు కొట్లో మస్తాన్ తల వంచుకుని గడియారంలోకి చూస్తున్నాడు.

ఇక నేను ఉండబట్టలేకపోయాను. "సార్, చూసింది చెప్పండి. చెరుకుతోట సంగతి అమ్మకి చెప్పండి" అన్నాను.

ఆయన నాకేసి చూశాడు, తర్వాత తల్లికేసి చూశాడు. "అమ్మా, పడిన రోజే నాకు నీళ్ళు దొరికాయి" అన్నాడు.

ఆమె చెంగు కిందికి జారింది. "ఎవరిచ్చారు?"

"ఒక ముసలాయన. నేనెవరో అడక్కుండా పోశాడు. రెండు ముంతలు తాగాను."

"కర్మ చెయ్యకముందేనా?"

"ముందేనమ్మా. చాలా ముందు."

కామేశ్వరమ్మగారి పెదాలు రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు కదిలాయి. తర్వాత లేచి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మా మొహాలమీదే తలుపేసేసింది. లోపల్నుంచి గడియ పడిన చప్పుడు వినబడింది. ఉన్న ఒక్క ఆశా పోయిందనుకున్నాను. సార్ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు తలుపు వెనకనుంచి ఆమె గొంతు వినబడింది, వీధంతా వినబడేంత గట్టిగా. "మస్తానూ! ఏదో చెప్పాలని వచ్చావుటగా. తలుపు కొట్టు నాయనా."

మస్తాన్ చేతిలోంచి పట్టకారు జారిపడింది. అతను లేచి, చొక్కా సర్దుకుని, వీధి దాటి వచ్చాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. మెట్టెక్కి తలుపు కొట్టాడు. గడియ తీసి కామేశ్వరమ్మగారు నిలబడింది.

"ఏంటి నాయనా?"

మస్తాన్ ఆ పూట చెప్పిన మాటే చెప్పాడు. "అమ్మా, మీ అబ్బాయి బతికే ఉన్నాడండి. రేడియోలో పేరు చెప్పారు."

"నువ్వే విన్నావా?"

"నా చెవులతో విన్నానండి."

ఆమె అతని మొహంకేసి అలాగే చూసింది. తర్వాత పెరటివైపు తిరిగి కేకేసింది. "వరలక్ష్మీ, గాజులు తియ్యకే తల్లీ! వాడు బతికే ఉన్నాడు."

లోపల గాజులు గలగలమన్నాయి. వరలక్ష్మిగారు పెరటిగోడ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, అత్తగారి భుజంమీద తలపెట్టుకుని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"ఎండలో నిలబడ్డావు, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగు" అంది కామేశ్వరమ్మగారు మస్తాన్‌తో. ఇత్తడిచెంబు తెచ్చి అతని చేతికిచ్చింది. అతను తాగి, చెంబు జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టాడు. సార్ అరుగుమీంచి లేచి మెట్టు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నాక్కూడా" అన్నాడు.

ఆమె చెంబు మళ్ళీ నింపుకొచ్చింది. పోయబోతే సగం నీళ్ళు గడపమీదే ఒలికాయి. కోడలు ఆ చేతికింద తన చెయ్యి ఆనించింది. సార్ ఎడమచెయ్యి లేవకపోయినా ఎలాగో దోసిలి పట్టి, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగి తలెత్తాడు.

"ఇంకొంచెం పొయ్యమ్మా."

ఆమె నీళ్ళకోసం లోపలికి వెళ్ళింది. ఆయన గడప దాటి ఆమె వెనకే వెళ్ళాడు.